మడుగు చిన్నది, దారి ఒక్కటే

జూలై నెల, శుక్రవారం రాత్రి. న్యూజెర్సీలో ఏదో ఒక తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వస్తుంది. చుట్టూ దట్టమైన అడవి, నడుమ రాళ్ళ మధ్య నీలంగా, ఆకుపచ్చగా మెరిసే మడుగు. "రెండు గంటల డ్రైవే అట, రేపు పోదామా?" అని ఎవరో అడుగుతారు. తెల్లారేసరికి మూడు కార్లు, పులిహోర, పిల్లల ఈత బట్టలు, ఒక పెద్ద ఐసు పెట్టె సిద్ధం. మధ్యాహ్నానికి అక్కడికి చేరితే రోడ్డు పొడవునా 'నో పార్కింగ్' బోర్డులు. ఒకచోట నిలబడిన ఉద్యోగి మర్యాదగా అడుగుతారు: "పర్మిట్ ఉందా?" లేదు. వెనక్కి తిప్పుకోవాల్సిందే.

ఆ క్షణంలో కోపం రావడం సహజం. అడవి ప్రభుత్వానిది, వాగు ప్రకృతిది, మరి కారు ఆపుకోవడానికి ఇంత రభస ఎందుకు? పోలీసులు నీళ్ళ దగ్గర కాపలా కాయకుండా రోడ్డు మీద కార్లు లెక్కపెట్టడమేంటి? ఇవి న్యాయమైన ప్రశ్నలే. జవాబు మాత్రం ఒక్క వాక్యంలో తేలేది కాదు. అందులో ఒక మహానగరం తాగునీళ్ళున్నాయి, నూట ముప్పై ఏళ్ళు దాటిన ఒక రాజ్యాంగ నిబంధన ఉంది, ఐదు వందల మంది ఊరు ఉంది. దూరం నుంచి వచ్చేవాళ్ళని ఎంతవరకు ఆపొచ్చనే పాత తగాదా కూడా ఉంది.

ఆ మడుగు పేరు పీకమూస్ బ్లూ హోల్. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో, అల్‌స్టర్ కౌంటీలోని డెనింగ్ అనే చిన్న ఊరి పరిధిలో, రాండౌట్ క్రీక్ అనే వాగు మీద ఉంది. వాగు ఒక రాతి ఇరుకులోంచి దూకి కిందున్న లోతైన గుండంలో పడుతుంది. ఆగస్టులో కూడా నీళ్ళు ఒళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. పక్కనే రోడ్డు పోతుంది కాబట్టి కొండెక్కే పని లేదు, కారు దిగి కొద్ది అడుగులు వేస్తే చాలు. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. అదే మడుగు మూడు గంటల నడక దూరంలో ఉండుంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఒకప్పుడు అది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు, కొద్దిమంది ట్రెక్కింగ్ పిచ్చి ఉన్నవాళ్ళకు మాత్రమే తెలిసిన చోటు. తర్వాత 'అమెరికాలో చూడదగ్గ ఈత మడుగులు' అంటూ వచ్చిన జాబితాల్లోకి ఎక్కింది. ఆపైన ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. ఫొటోకి లొకేషన్ తగిలిస్తే చాలు, మ్యాప్ నేరుగా మడుగు గట్టు దాకా తీసుకొస్తుంది. న్యూయార్క్ నగరంలో ఎనభై లక్షలకు పైగా జనం. వాళ్ళలో ఏ కొద్దిమందికి ఒకే శనివారం ఒకే ఆలోచన వచ్చినా చాలు, ఆ లోయ పట్టదు. డెనింగ్ పరిధి మొత్తం కలిపి జనాభా ఐదు వందల లోపే మరి.

జనం ఎక్కువైతే వచ్చే కష్టాలు మనకు కొత్త కాదు. చెత్త, పగిలిన సీసాలు, కాలిన బొగ్గులు, గట్టు మీద మట్టి గట్టిపడి గడ్డి కూడా మొలవకపోవడం. కానీ అన్నిటికంటే పెద్ద కష్టం గురించి ఎవరూ ఫొటో పెట్టరు. కొన్ని వందల మంది ఒక రోజంతా ఒక వాగు ఒడ్డున గడిపితే, మరుగుదొడ్లు చాలకపోతే, చెట్ల చాటుకు వెళ్తారు. వాన పడితే అదంతా వాగులోకే.

ఇంతకీ ఆ వాగు ఎక్కడికి పోతుంది? రాండౌట్ రిజర్వాయరుకు. న్యూయార్క్ నగరానికి తాగునీరిచ్చే జలాశయాల్లో అది ఒక ముఖ్యమైన కూడలి. డెలావేర్ నదీ ప్రాంతంలోని కానన్స్‌విల్, పెపాక్టన్, నెవర్‌సింక్ జలాశయాల నీళ్ళు కూడా సొరంగాల ద్వారా ఇక్కడికే చేరి, ఇక్కణ్ణించి డెలావేర్ అక్విడక్ట్ అనే 137 కిలోమీటర్ల సొరంగంలో నగరం వైపు పోతాయి. నగరం తాగే నీళ్ళలో దాదాపు సగం ఈ దారినే వస్తాయి. ఈ నీళ్ళను ఫిల్టర్ చెయ్యరు. క్లోరిన్ కలుపుతారు, అతినీలలోహిత కాంతితో క్రిముల్ని చంపుతారు, అంతే. నీళ్ళు పుట్టేచోటే శుభ్రంగా ఉంచుతామని నగరం హామీ ఇచ్చి, దాని మీద 1993 నుంచి ఫిల్టర్ చెయ్యాలన్న నిబంధన నుంచి కేంద్ర ప్రభుత్వం దగ్గర మినహాయింపు తెచ్చుకుంటోంది. ఫిల్టర్ ప్లాంటు కట్టాల్సి వస్తే ఖర్చు వందల కోట్ల డాలర్లలో ఉంటుందని తొంభైల్లోనే లెక్క వేశారు. అందుకే కొండ మీద మడుగు పక్కన ఒక మనిషి కాలకృత్యం తీర్చుకోవడం నగరంలో అధికారులకు కూడా టెన్షన్ పెట్టే సంగతే.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. రాండౌట్ రిజర్వాయరు 1950లో వాడకంలోకి వచ్చింది. దానికోసం యురేకా, మాంటెలా, లాకవాక్ అనే మూడు ఊళ్ళు నీళ్ళలో మునిగాయి. శ్రీశైలం ముంపు గ్రామాల సంగతి విన్నవాళ్ళకు ఆ బాధ ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు. నగరం దాహం కోసం ఊళ్ళు ఇచ్చిన లోయ అది. ఇప్పుడు అదే నగరం వారాంతంలో ఈతకు వచ్చి రోడ్డుకు అడ్డంగా కార్లు పెట్టిపోతుంటే అక్కడివాళ్ళకు ఎందుకు మండుతుందో అర్థం చేసుకోవచ్చు. వాళ్ళ కోపమంతా న్యాయమేనని నేననను. కానీ దానికి చరిత్ర ఉంది.

మొదట్లో రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ శాఖ అందరూ చేసేదే చేసింది. నియమాలు పెట్టింది. నిప్పు వెయ్యకూడదు, గ్రిల్లులు, జనరేటర్లు, గోల చేసే స్పీకర్లు తేకూడదు, గాజు సీసాలు నిషేధం. బోర్డులు పెట్టారు, చెత్త డబ్బాలు, తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టారు. రేంజర్లు జరిమానాలు రాశారు. ఈ నియమాలన్నీ ఒక్కొక్క మనిషి ఎలా మెలగాలో చెప్పేవే. ఎంతమంది రావచ్చో ఏ నియమమూ చెప్పలేదు. అందరూ బుద్ధిమంతులే అనుకుందాం, ఒక్క కాగితం ముక్క కూడా కింద పడెయ్యరనుకుందాం. అయినా వెయ్యి జతల కాళ్ళు తొక్కితే గట్టు అరిగిపోతుంది. ఆ సంఖ్యను పట్టుకునే చోటు కావాలి.

ఆ చోటు మడుగు దగ్గర దొరకదు. అడవికి కంచె ఉండదు, గేటు ఉండదు, ఏ చెట్టు పక్కనుంచైనా దిగి నీళ్ళలోకి వెళ్ళొచ్చు. పైగా ఆ అడవి క్యాట్‌స్కిల్ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో భాగం. 1885లో చట్టంతో ఏర్పడిన ఆ అడవికి 1894లో రాష్ట్ర రాజ్యాంగమే రక్షణ కల్పించింది. ఈ భూములు ఎప్పటికీ అడవిగానే ఉండాలి, చెట్లను అమ్మకూడదు, తీసెయ్యకూడదు, నాశనం చెయ్యకూడదు అని ఆ నిబంధన సారాంశం. దాన్ని మార్చాలంటే వరుసగా రెండు ఎన్నికల్లో ఏర్పడిన శాసనసభలు రెండూ ఒప్పుకోవాలి, ఆపైన రాష్ట్ర ప్రజలంతా ఓటెయ్యాలి. కాబట్టి "జనం వస్తున్నారుగా, చెట్లు కొట్టి పెద్ద పార్కింగ్ కట్టండి" అనడం అక్కడ చెల్లదు. కట్టినా మడుగు పెద్దదవ్వదు కదా.

మిగిలింది రోడ్డు. ఆ లోయలోకి బస్సు లేదు, రైలు లేదు. వచ్చే ప్రతి మనిషీ కారులోనే రావాలి. అంటే కారు ఆగే జాగా ఎంతో, మనుషులు కూడా అంతే. పార్కింగ్ నియమం ట్రాఫిక్ కోసం పెట్టినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది జనసంఖ్యను తిప్పే కుళాయి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. రోడ్డు వారగా వరసలో ఆపే ఒక్కో కారుకు ఆరున్నర మీటర్ల జాగా పడుతుందనుకోండి. కిలోమీటరు రోడ్డుకు ఒక్క వైపే నూట యాభై కార్లు. కారుకు ముగ్గురు చొప్పున చూసుకున్నా నాలుగు వందల యాభై మంది. రెండు వైపులా ఆపితే తొమ్మిది వందలు. అది కూడా ఒక విడత మాత్రమే, పొద్దున వచ్చినవాళ్ళు పోగానే వాళ్ళ చోటులోకి మధ్యాహ్నం బ్యాచ్ వస్తుంది. అదే రోడ్డు వార మొత్తం నిషేధించి, గుర్తులు వేసిన కొద్దిపాటి చోట్లలోనే ఆపమంటే, వచ్చేవాళ్ళ సంఖ్య ఒక్కసారిగా లెక్కలోకి వస్తుంది. మనిషిని లెక్కపెట్టడం కష్టం, ఆగి ఉన్న కారును లెక్కపెట్టడం తేలిక.

ఇంకో లాభం కూడా ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఇరుకు కొండ రోడ్డుకు రెండు వైపులా కార్లుంటే అంబులెన్స్ దూరదు. బ్లూ హోల్ దగ్గర లైఫ్‌గార్డ్ ఎవరూ ఉండరు. ఆ లోయలో ఫోన్ సిగ్నల్ కూడా అందదు. ఎవరైనా రాయి మీద జారి తల పగలగొట్టుకుంటే, ఇంకొకరు కారేసుకుని సిగ్నల్ దొరికే దాకా పోయి ఫోన్ చెయ్యాలి. ఆ తర్వాత సాయం రావాలి. ఆ వచ్చే బండికి దారి లేకపోతే?

మరి బోర్డు పెట్టి జరిమానా వేస్తే సరిపోదా? చాలా ఊళ్ళు ఇక్కడే బోల్తా పడతాయి. రెండున్నర గంటలు కారు నడిపి, వెనక సీట్లో పిల్లలు "ఇంకా ఎంతసేపు" అని అడుగుతూ ఉంటే, బోర్డు చూసి వెనక్కి తిరిగే తండ్రి ఎంతమంది ఉంటారు? ఏభై డాలర్ల జరిమానా ఉందనుకోండి. కారులో ఐదుగురుంటే తలా పది డాలర్లు. ఏ వాటర్ పార్కు టికెట్టైనా అంతకంటే ఎక్కువే. అప్పుడు జరిమానా జరిమానాలా పనిచెయ్యదు, అది ప్రవేశ రుసుము అయిపోతుంది. కారును ఎత్తుకెళ్తారని తెలిస్తేనే లెక్క మారుతుంది. ఫోన్ పనిచెయ్యని లోయలో సాయంత్రం ఆరింటికి కారు మాయమవడం అంటే ఏంటో ఎవరికైనా ఊహకు అందుతుంది. అందుకే పీకమూస్ రోడ్డు మీద జరిమానాతో పాటు టోయింగ్ కూడా పెట్టారు.

కానీ అంత కఠినంగా ఉన్నా, పార్కింగ్ నిషేధం ఒక్కటే పెడితే కొత్త చిక్కు వస్తుంది. ఉన్న కొద్ది చోట్ల కోసం తెల్లవారుజామున పోటీ. దొరకనివాళ్ళు ఎవరో ఒకరు పోతారేమోనని రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. జనం తగ్గొచ్చు, ట్రాఫిక్ మాత్రం పెరుగుతుంది. కాబట్టి చోటు ఉందో లేదో ఇంటి దగ్గరే తెలియాలి. 2018 వేసవిలో పర్యావరణ శాఖ ఈ పనే చేసింది. మే 15 నుంచి సెప్టెంబరు 15 వరకు శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో ముందుగా ఆన్‌లైన్‌లో పర్మిట్ తీసుకోవాలంది. రోజుకు 40 పర్మిట్లు, ఒక్కో దాని మీద ఆరుగురు దాకా రావచ్చు. అంటే రోజుకు అత్యధికంగా 240 మంది. మొదట్లో ఇది ఉచితం. జనం శుక్రవారానికో సోమవారానికో జరగడం మొదలయ్యాక, 2021లో వారం ఏడు రోజులకూ విస్తరించి పది డాలర్లు పెట్టారు. క్యాట్‌స్కిల్ సెంటర్ అనే స్థానిక సంస్థ స్టీవార్డులు అక్కడ నిలబడి పర్మిట్లు చూస్తారు, లేనివాళ్ళకు వేరే చోట్లు చెబుతారు.

పది డాలర్లు ఎందుకంటే, ఉచితంగా ఇచ్చినప్పుడు తీసుకుని రానివాళ్ళు ఎక్కువవుతారు. ఆ చోటు ఖాళీగా పోతుంది, కావాలనుకున్నవాళ్ళకు దొరకదు. తిరుమల దర్శనం స్లాట్ల కోసం కంప్యూటర్ ముందు కూర్చున్న వాళ్ళకు ఈ వ్యవహారం చెప్పకుండానే తెలుసు. చిన్న రుసుము ఉంటే, మనసు నిజంగా ఉన్నవాళ్ళే బుక్ చేస్తారు.

ఇప్పుడు కష్టమైన భాగానికి వద్దాం. మడుగు దగ్గర రద్దీ తగ్గింది, సరే. వెనక్కి తిరిగిన మూడు కార్లు ఎక్కడికి పోయాయి? ఇంటికి మాత్రం పోలేదు. మ్యాప్ తీసి "దగ్గర్లో ఈత" అని వెతికి, ఇంకో వాగుకు పోయాయి. క్యాట్‌స్కిల్ కొండల్లో అలాంటి చోట్లకు కొదవ లేదు. కాటర్‌స్కిల్ క్లోవ్ అనే లోయలో, 23ఏ అనే రాష్ట్ర రహదారి పక్కన, ఫాన్స్ లీప్ అని ఇంకో మడుగుంది. అక్కడి రోడ్డు ఇంకా ఇరుకు, మలుపులు ఎక్కువ, ట్రక్కులు పోయే దారి. పార్కింగ్ దొరక్క జనం ఆ రోడ్డు అంచు మీద పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడుస్తారు. ఒకచోట కుళాయి కట్టేస్తే, ఒత్తిడి ఇంకో చోట పైపు పగలగొడుతుంది. ఇది ఊహించలేని విషయమేం కాదు. అందుకే ఒక్కో మడుగుకు విడివిడిగా నియమం పెట్టడం కంటే, ఆ కొండ ప్రాంతమంతటికీ కలిపి ఒక ఆలోచన ఉండాలని నేననుకుంటాను. ఏ చోట ఎంతమందిని ఆపాలి, ఏ చోటికి ఎంతమందిని పంపాలి అన్నవి ఒకే బల్ల మీద తేలాలి.

రెండో ప్రశ్న దీనికంటే లోతైనది. పార్కింగ్‌తో గుంపును ఆపొచ్చు, కానీ ఆగిపోయేది ఎవరు? పక్క రాష్ట్రం కనెక్టికట్‌లో దీనికి చేదు చరిత్ర ఉంది. అక్కడి సముద్ర తీరపు సంపన్న పట్టణాలు చాలా కాలం తమ బీచ్‌లను ఊరివాళ్ళకే పరిమితం చేశాయి. 1970ల్లో నెడ్ కాల్ అనే ఉద్యమకారుడు హార్ట్‌ఫర్డ్ నగరంలోని నల్లజాతి, ప్యూర్టోరికన్ పిల్లల్ని బస్సుల్లో ఎక్కించుకుని ఆ బీచ్‌లకు తీసుకెళ్ళి నిరసన చేశాడు. చివరికి 2001లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, గ్రెనిచ్ పట్టణం తన బీచ్ పార్కులోకి బయటివాళ్ళను రానివ్వకపోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ తర్వాత అలాంటి పట్టణాల్లో బయటివాళ్ళు రావచ్చు, కానీ ప్రవేశానికి, పార్కింగ్‌కు ఊరివాళ్ళ కంటే బాగా ఎక్కువ కట్టాలి. గేటు తెరుచుకుంది, గోడ మాత్రం పార్కింగ్ రూపంలో నిలబడే ఉంది.

మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్డెన్ పాండ్ అనే చెరువు దగ్గర ఇంకో పద్ధతి. అక్కడ చాలా ఏళ్ళుగా ఒకే సమయంలో వెయ్యి మందికి మించకుండా చూస్తున్నారు. పార్కింగ్ నిండగానే పార్కు మూసేస్తారు, కొన్ని కార్లు పోయాక మళ్ళీ తెరుస్తారు. ఆ చెరువు గట్లను కాపాడటానికే ఆ పరిమితి. కానీ అక్కడ కూడా వేరే రాష్ట్రం నంబర్ ప్లేటు ఉంటే రుసుము చాలా ఎక్కువ.

ఏ పద్ధతి పెట్టినా ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ముందొచ్చినవాళ్ళకే చోటు అంటే, శనివారం ఉదయం షిఫ్ట్ చేసి మధ్యాహ్నం బయల్దేరేవాళ్ళకు ఎప్పటికీ దొరకదు. డబ్బుతో పంచితే లేనివాళ్ళు నష్టపోతారు. ఆన్‌లైన్ పర్మిట్ అంటే, ఇంగ్లీషు రానివాళ్ళు, ముందుగా ప్లాన్ చేసుకునే వీలు లేనివాళ్ళు నష్టపోతారు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకు కొడుకో కోడలో బుక్ చేసిపెట్టాలి. వీటన్నిటిలో బ్లూ హోల్ పద్ధతి నాకు తక్కువ అన్యాయంగా కనిపిస్తుంది. ఊరివాళ్ళకైనా, బ్రూక్లిన్ వాళ్ళకైనా, న్యూజెర్సీ తెలుగువాళ్ళకైనా ఒకే రుసుము, ఒకే నియమం. లోపం ఏంటంటే, కారు లేనివాళ్ళ గురించి ఆ నియమానికి ఆలోచనే లేదు. పార్కింగ్‌ను ఎంత బిగిస్తే అంతగా బస్సు అవసరం పెరుగుతుంది. పరిమిత సంఖ్యలో, ముందుగా బుక్ చేసుకునే షటిల్ నడిపితే కారు చోటు ఆక్రమించకుండానే జనం రావచ్చు. ఆ పరిమితిలో కొంత భాగం బస్సుకు కేటాయించాలి, అంతే.

అసలు నగర జనం అంత దూరం ఎందుకు పోతున్నారో కూడా చూడాలి. వేడికి తట్టుకోలేక. న్యూయార్క్ నగరం 1936లో, ఆర్థిక మాంద్యం మధ్యలో, ఒకే వేసవిలో పదకొండు భారీ ఈత కొలనులు తెరిచింది. మురికివాడల పిల్లలు ఈస్ట్ నదిలో, హడ్సన్‌లో మునిగి చనిపోకుండా ఉండాలన్నది దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి. 2020లో కరోనా వచ్చినప్పుడు నగరం బీచ్‌లలో జూలై 1 దాకా ఈతకు అనుమతి లేదు, కొలనుల్లో పదిహేను మాత్రమే, అవి కూడా జూలై చివర్లో, ఆగస్టు మొదట్లో తెరిచారు. ఆ వేసవిలో క్యాట్‌స్కిల్ రోడ్లు కిక్కిరిశాయి. నగరంలో ఒక కొలను మూతపడితే దాని భారం నూట యాభై కిలోమీటర్ల అవతల ఒక చిన్న ఊరి మీద పడుతుందని ఆ ఏడాది కళ్ళకు కట్టింది.

పర్మిట్ చేతిలో ఉన్నంత మాత్రాన నీళ్ళు మనకు లోబడవని కూడా చెప్పాలి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్ళలో పడి ప్రాణాలు కోల్పోయారు. అక్కడ గుంపు లేదు, తోపులాట లేదు. నునుపు రాయి, చల్లటి నీళ్ళు, లోపలి వడి. కొండ వాగులు ఎక్కడైనా ఇంతే. చెరువులో, ఊరి బావిలో నేర్చిన ఈత వీటికి చాలదు. చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా దూకితే ఊపిరి తనంతట తానే ఎగబీలుస్తుంది. ఆ మొదటి నిమిషంలోనే మంచి ఈతగాళ్ళు కూడా నీళ్ళు మింగుతారు.

అందుకే పర్మిట్ దొరకని రోజు కొండల్లో ఇంకో అనామక మడుగు వెతకొద్దు, ముఖ్యంగా పిల్లలతో వెళ్తే. అదే క్యాట్‌స్కిల్ ప్రాంతంలో రాష్ట్రమే నడిపే ఈత చోట్లున్నాయి: హేన్స్ ఫాల్స్ దగ్గర నార్త్-సౌత్ లేక్, పైన్ హిల్ దగ్గర బెలెయిర్ బీచ్. వేసవిలో ఈత వేళల్లో లైఫ్‌గార్డులుంటారు, పార్కింగ్ ఉంటుంది, మరుగుదొడ్లుంటాయి. ఫొటోలో అంత నీలంగా కనిపించవు. మూడు కార్ల జనం పులిహోర తిని, పిల్లలతో సాయంత్రం దాకా నీళ్ళలో ఆడుకోవడానికి మాత్రం బాగా సరిపోతాయి. బ్లూ హోల్‌కే పోవాలనుంటే వారం ముందు కంప్యూటర్ తెరవండి, ఎంతమందో లెక్క చూసుకోండి, ఆరుగురు దాటితే ఇంకో పర్మిట్ తీసుకోండి. పర్మిట్‌ను బయల్దేరే ముందే ఇంట్లో ప్రింట్ తీసి కారులో పెట్టుకోండి, అక్కడికి చేరాక ఫోన్‌లో ఏదీ తెరుచుకోదు.